రాజా మిర్చా రివ్యూ: నాగాలాండ్ కారం మన రోట్లో ఎంత వేయాలి?

నమస్తే అండీ. ఇవాళ టేబుల్ మీద నాగాలాండ్ రాజా మిర్చా మూడు రకాలుగా ఉంది: ఎండుకాయలు, పొడి, వెదురు కొమ్ములతో నూనెలో పెట్టిన పచ్చడి. ముందే చెప్పేస్తున్నాం, పొడి జోలికి వెళ్లకండి. కారణం తర్వాత చెప్తాం.

ముందు కాయని దగ్గరగా చూడండి. మన గుంటూరు కాయలా సన్నగా, పొడుగ్గా ఉండదు. పొట్టిది. తొడిమ దగ్గర వెడల్పు, కిందికొచ్చేసరికి మొన, ఒళ్లంతా ముడతలు. తోలు బాగా పలచన. సరిగ్గా ఎండితే వంచగానే పుటుక్కున విరగాలి. విరక్కుండా వంగిపోతుంటే ఇంకా తేమ ఉందన్నమాట. అలాంటివి చీల్చి చూస్తే గింజల దగ్గర బూడిద రంగు బూజు కనిపించవచ్చు. అది పారేయాల్సిందే, వేయించినా బాగుపడదు. కొంచెం పొగ వాసన వస్తే మాత్రం భయపడొద్దు. అక్కడి ఊళ్లలో పొయ్యి పైన వేలాడదీసి ఎండబెట్టే అలవాటుంది.

ఇప్పుడు కారం సంగతి. గుంటూరు సన్నం స్కోవిల్ లెక్కలో (మిరప ఘాటుని కొలిచే కొలమానం) 35 నుంచి 40 వేలు. ఇది 10 లక్షల దరిదాపుల్లో ఉంటుంది. అంటే తూకానికి తూకం వేస్తే సుమారు 25 రెట్లు. పది గుంటూరు కాయలు వేసే పచ్చడికి ఇది సగం కాయ కూడా ఎక్కువే. కాయ కాయకీ ఘాటు మారుతుంది కాబట్టి పావుతోనే మొదలుపెట్టండి.

గింజలు దులిపేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. మామూలు మిరపలో కారం లోపలి తెల్లటి ఈనెలోనే తయారవుతుంది. ఈ జాతి కాయల్లో తోలు లోపలి గోడ మీద కూడా తయారవుతుంది. అందుకే గింజలు తీసినా మంట అలాగే ఉంటుంది.

టమాటా పచ్చడికి ఇలా చేయండి. అర కిలో టమాటాలు రెండు చెంచాల నూనెలో మగ్గబెట్టండి. నీరు ఊరాక పావు కాయ ముక్క వేసి మూత పెట్టి, సన్న సెగ మీద ఐదు నిమిషాలు ఉంచండి. ముక్క తీసి పక్కన పెట్టి, రుచి చూడండి. చాలదనిపిస్తేనే ఆ ముక్కని కూడా రోట్లో వేసి నూరండి. తాలింపులో మాత్రం వేయొద్దు. కాగిన నూనెలో పడితే ఆ ఘాటుకి ఇల్లంతా దగ్గే. నాగా వంటల్లో కూడా పొగబెట్టిన పంది మాంసం ఉడికేటప్పుడు కాయని కుండలోనే వేస్తారు. కాల్చిన టమాటా, ఎండుచేప, పులియబెట్టిన సోయాతో కలిపి దంచే చట్నీలూ ఉన్నాయి. అన్నంలోకి ఆ చట్నీ అద్భుతం, మన ఎండుచేప ప్రియులకి వెంటనే నచ్చేస్తుంది.

చేతులకి గ్లౌజులు తప్పనిసరి. పొరపాటున అంటుకుంటే ముందు వంటనూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. కారం నూనెలో కరుగుతుంది, నీళ్లలో కాదు. నోరు మండితే పెరుగు తినండి, నీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుంది.

ఇక పొడి. కాయ అయితే విరిచి చూడొచ్చు, పొడిలో ఏం కలిపారో ఎవరికి తెలుసు? మామూలు కారం కలిస్తే ఘాటు ఒక్కో ప్యాకెట్‌కి ఒక్కోలా ఉంటుంది, పైన చెప్పిన కొలత పనిచేయదు. ఇంట్లో మిక్సీ పడితే పది నిమిషాలు ఆగి మూత తీయండి.

వెదురు కొమ్ముల పచ్చడి మాకు బాగా నచ్చింది. పులుపు ముందొస్తుంది, కారం నెమ్మదిగా వెనకాల వస్తుంది. పైన తేలే నూనెలోనే మంటంతా ఉంటుంది, చెంచాతో ముంచేయకండి.

కొనేటప్పుడు ఒక చిక్కుంది. అస్సాం భూత్ జొలోకియా దీనికి దగ్గరి చుట్టమే, ఆన్‌లైన్‌లో రెండు పేర్లూ కలిపి రాసేస్తారు. రాజా మిర్చాకి నాగా మిర్చా పేరుతో 2008లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే ముద్ర) వచ్చింది, కాబట్టి ప్యాకెట్ మీద ఏ జిల్లాదో రాసి ఉందేమో చూడండి. పెరెన్ జిల్లా దీనికి పేరున్న చోటు. 2021లో లండన్‌కి వెళ్లిన కాయలు ఆ జిల్లాలోని తెనింగ్ నుంచి సేకరించినవే. కోహిమా వెళ్తే మావో మార్కెట్‌లో అడగండి. పచ్చికాయలు దొరికితే తడి తుడిచి, గాలి చొరని సంచిలో ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. ఎండువైతే గాజు సీసాలో, మామూలు మిరపకాయల డబ్బాకి దూరంగా.