మూడు రికార్డుల లాభం ఒక్క రికార్డు మింగేస్తే: చిన్న మ్యూజిక్ షాపుల లెక్క

[దృశ్యం: గాజు పైకప్పు ఉన్న పాత వీధి. రెండు వైపులా ఇరుకైన షాపులు. ఒక అద్దాల కిటికీ నిండా ఎల్పీ రికార్డుల అట్టలు.]

ఇది వేల్స్ రాజధాని కార్డిఫ్. ఇక్కడ కొన్ని షాపింగ్ వీధులకి ఇలా పైన గాజు కప్పు ఉంటుంది. ఆర్కేడ్ అంటారు. వానొచ్చినా బేరం ఆగదు. 1894లో ఇలాంటి ఒక ఆర్కేడ్‌లో హెన్రీ స్పిల్లర్ అనే ఆయన షాపు తెరిచాడు. ఫోనోగ్రాఫులు, వాటి మీద తిప్పుకునే మైనపు గొట్టాలు, లక్క రికార్డులు, ఇవీ ఆయన అమ్మినవి. కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోన్ కొమ్ము ముందు నిలబడి పాడింది 1902లో. దానికి ఇంకా ఎనిమిదేళ్ల ముందు మాట ఇది.

ఆ షాపు ఆ తర్వాత కూడా నడుస్తూనే వచ్చింది. పేరు స్పిల్లర్స్ రికార్డ్స్. ప్రపంచంలో అన్నిటికంటే పాత రికార్డు షాపు అని దానికి పేరు. మైనపు గొట్టం పోయింది, 78 స్పీడు రికార్డు పోయింది, ఎల్పీ వచ్చింది, క్యాసెట్ వచ్చి వెళ్లింది, సీడీ వచ్చింది, రెండు ప్రపంచ యుద్ధాలు కూడా అయ్యాయి. అన్నిటినీ దాటుకుని వచ్చిన ఈ షాపు 2006లో మూతపడే దాకా వెళ్లింది.

ఎందుకో చెప్పండి చూద్దాం. ఇంటర్నెట్ అంటారు మీరు. నేనూ మొదట అదే అనుకున్నా. కానీ అప్పుడు వాళ్ల గొంతు మీద కూర్చున్నది అద్దె. పక్కనే పెద్ద షాపింగ్ మాల్ కడుతున్నారు, ఆ చుట్టుపక్కల అద్దెలు పెరుగుతున్నాయి, ఆ అద్దె కట్టడం షాపు వల్ల కాదు. జనం సంతకాలు పెట్టారు, వేల్స్ రాజకీయ నాయకులు కదిలారు, మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ అనే అక్కడి పేరున్న రాక్ బ్యాండ్ మద్దతుగా నిలబడింది. అయినా చివరికి 2010లో షాపు దశాబ్దాలుగా ఉన్న చోటు ఖాళీ చేసి, మోర్గన్ ఆర్కేడ్‌లోకి మారింది. తండ్రి నడిపిన షాపుని అప్పటి నుంచి కూతుళ్లు అందుకున్నారు.

[స్క్రీన్ మీద అంకెలు: 2007 – 2 లక్షల చిల్లర. 2023 – 59 లక్షలు.]

ఈ రెండు అంకెలు చూడండి. బ్రిటన్ మొత్తం మీద ఒక ఏడాదిలో అమ్ముడైన కొత్త ఎల్పీలు ఇవి. 2007లో రెండు లక్షల చిల్లర. 2023లో 59 లక్షలు. 1990 తర్వాత అప్పటిదాకా అంత అమ్మకం ఎప్పుడూ లేదు. అమెరికాలో 2022లో 4 కోట్ల 10 లక్షల ఎల్పీలు పోతే, సీడీలు 3 కోట్ల 30 లక్షలే పోయాయి. ఎల్పీ సీడీని దాటేసింది. చచ్చిపోయింది అనుకున్న నల్ల పళ్లెం లేచి కూర్చుంది.

మరి సరుకు ఇంతలా పోతుంటే, అది అమ్మే చిన్న షాపు వాడు హాయిగా ఉండాలి కదా? లేడు. ఎందుకు లేడో చూడాలంటే ఒక్క రికార్డు కొనుగోలు లెక్క చాలు.

[దృశ్యం: చెక్క కౌంటర్. మీద ఒక ఎల్పీ. పక్కన చిల్లర నాణేలు.]

లెక్క తేలిగ్గా ఉండటానికి రౌండు అంకెలు తీసుకుందాం. షాపులో ఎల్పీ ధర 24 పౌండ్లు. మన జీఎస్టీ లాగా అక్కడ వ్యాట్ ఉంటుంది, 20 శాతం. అంటే ఈ 24లో 4 పౌండ్లు ప్రభుత్వానివి. మిగిలింది 20. ఆ రికార్డుని డిస్ట్రిబ్యూటర్ దగ్గర 15కి కొన్నాడనుకోండి. చేతిలో మిగిలేది 5.

[నాణేలు పక్కకి జరుగుతాయి. ఐదు మాత్రం మిగులుతాయి.]

ఇప్పుడు నాలుగు రికార్డులు తెప్పించాడు. మూడు అమ్ముడుపోయాయి. మూడైదులు పదిహేను. లాభం 15 పౌండ్లు. నాలుగోది అలాగే ఉండిపోయింది. దానికి పెట్టిన డబ్బు ఎంత? 15. అయిపోయింది. మూడు అమ్మిన లాభాన్ని ఆ ఒక్కటి మింగేసింది. ఇంకా అద్దె కట్టలేదు, కరెంటు కట్టలేదు, కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడికి జీతం ఇవ్వలేదు.

మన ఊళ్లో మెడికల్ షాపు వాళ్లని చూడండి. గడువు దాటిన మందులు డిస్ట్రిబ్యూటర్‌కి వెనక్కి పంపేస్తారు. ఆ ధైర్యంతోనే అన్ని రకాలూ తెప్పించి పెడతారు. సీడీల కాలంలో మ్యూజిక్ షాపులకి కూడా చాలావరకు ఇలాంటి వెసులుబాటు ఉండేది. అమ్ముడుపోని సీడీ వాపసు వెళ్లేది. ఎల్పీకి మామూలుగా అది లేదు. కొన్నావా, అది నీదే. ఎవరూ వినని బ్యాండు మీద నమ్మకం పెట్టుకుని ఐదు కాపీలు తెప్పిస్తే, ఆ ఐదూ మీ ఇంటి చుట్టాల్లా ఉండిపోతాయి.

ఇక్కడే నాకు అన్యాయంగా అనిపించేది. చిన్న షాపుకి జనం ఎందుకు వెళ్తారు? పెద్ద షాపులో దొరకనిది దొరుకుతుందని. అంటే ఎవరికీ తెలియనిది తెచ్చి పెట్టడమే దాని పని. దానికి పేరు తెచ్చేదీ అదే, డెడ్ స్టాక్, అంటే అమ్ముడుపోని సరుకు, తెచ్చేదీ అదే.

సరే, ఎలాగూ పోయే హిట్ ఆల్బమ్స్ అమ్ముకుని ఆ నష్టం పూడ్చుకోవచ్చు కదా అంటారా. ఒకప్పుడు చేసింది అదే. కానీ ఆ హిట్లని సూపర్ మార్కెట్ వాళ్లు ఎత్తుకుపోయారు. టెస్కో, ఆస్డా లాంటి చోట పాలు, రొట్టె కొనడానికి వెళ్లినవాళ్లకి టాప్ సీడీలు చవగ్గా కనిపించేవి. అమెరికాలో బెస్ట్ బై లాంటి ఎలక్ట్రానిక్స్ షాపులైతే 1990లలో కొన్న ధర కంటే తక్కువకే సీడీలు ఇచ్చాయి. సీడీ కోసం వచ్చినవాడు ఫ్రిజ్ చూసి వెళ్తాడని వాళ్ల ఆశ. ఫ్రిజ్ అమ్మేవాడికి సీడీ ఎర. సీడీయే బతుకైనవాడు ఆ ఎరతో ఎలా పోటీ పడతాడు?

[స్క్రీన్ మీద మ్యాప్: ఇంగ్లాండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రంలో రెండు చుక్కలు.]

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి తెలియని ముక్క. నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ నచ్చింది, అంటే కోపం తెప్పించింది, ఇదే.

ఆ రెండు చుక్కలు జెర్సీ, గెర్న్సీ దీవులు. బ్రిటన్ రాజరికం నీడలోనే ఉన్నా, పన్నుల విషయంలో అవి వేరు. బయటి నుంచి వచ్చే చిన్న పార్సిల్ మీద వ్యాట్ వసూలు చేయడం దండగ, వచ్చే పన్ను కంటే గుమాస్తా జీతమే ఎక్కువ అవుతుంది అని ఒక మినహాయింపు ఉండేది. 18 పౌండ్ల లోపు పార్సిల్ అయితే వ్యాట్ లేదు. సీడీ ధర ఎంత? 18 లోపే!

అంతే. ఆన్‌లైన్ కంపెనీలు సీడీలు తీసుకెళ్లి ఆ దీవుల్లో గోడౌన్లు పెట్టాయి. అక్కడి నుంచి పోస్టులో బ్రిటన్‌లో ఇంటింటికీ పంపాయి. కార్డిఫ్ షాపులో 12 పౌండ్ల సీడీ మీద అప్పటి 17.5 శాతం లెక్కన దాదాపు పౌండు ఎనభై పెన్నీలు పన్ను. దీవి నుంచి వచ్చే అదే సీడీ మీద సున్నా. షాపు వాడికి మిగిలే లాభమే అంత ఉండకపోవచ్చు. ఇంటర్నెట్ వల్ల చవక అని జనం అనుకున్నదాంట్లో కొంత భాగం నిజానికి పన్నులోని చిల్లు. చిన్న వ్యాపారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటే 2011 నవంబర్లో ఆ పరిమితిని 15 పౌండ్లకి తగ్గించారు. 2012 ఏప్రిల్ 1 నుంచి ఆ దీవుల పోస్టు వ్యాపారానికి మినహాయింపు పూర్తిగా ఎత్తేశారు. దీవుల ప్రభుత్వాలు కోర్టుకెళ్లి ఓడిపోయాయి కూడా. అప్పటికే ఎన్నో షాపుల షట్టర్లు దిగిపోయాయి.

పాటలు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ గురించి, పాటలు డౌన్‌లోడ్‌గా అమ్మే ఐట్యూన్స్ గురించి, స్ట్రీమింగ్ గురించి నేను పెద్దగా చెప్పను. అవి మీకు తెలుసు. అవి పెద్దవాళ్లనీ వదల్లేదు. 1960లో కాలిఫోర్నియాలో మొదలైన టవర్ రికార్డ్స్, ఏడాదికి వంద కోట్ల డాలర్ల వ్యాపారం చూసిన కంపెనీ, 2006 చివరికి అమెరికాలో షాపులన్నీ మూసేసింది.

[దృశ్యం: తెల్లవారుజాము. మూసిన షట్టర్ ముందు దుప్పట్లు కప్పుకుని జనం క్యూ. ఒకరి చేతిలో ఫ్లాస్కు.]

ఇది సినిమా టికెట్ల క్యూ కాదు. రికార్డ్ స్టోర్ డే. అమెరికాలో చిన్న షాపుల వాళ్లు 2007లో అనుకుని, 2008 ఏప్రిల్ 19న మొదటిసారి చేసుకున్న పండగ. ఆ రోజు కోసమే ప్రత్యేకంగా, తక్కువ కాపీలతో రికార్డులు వస్తాయి. ఆన్‌లైన్లో ఆ రోజు అమ్మకూడదు, షాపుకి రావాల్సిందే. బ్రిటన్ కూడా అందుకుంది. చాలా షాపులకి ఏడాదిలో అతి పెద్ద బేరం ఆ ఒక్క రోజే. మనకి దసరా ముందు బట్టల షాపు ఎలాగో అలాగ.

కానీ బట్టల షాపు వాడిని అడగండి, దసరాకి ముందు నెల నిద్ర పట్టిందా అని. ఇక్కడా అదే టెన్షన్. ఆర్డర్ పెట్టాలి, ఎన్ని ఇస్తారో ముందు తెలియదు. పది అడిగితే రెండే రావచ్చు. ఎవరికీ అక్కర్లేనివి అడిగినన్నీ వస్తాయి. వచ్చినవి వెనక్కి వెళ్లవు. మిగిలిపోతే మన పాత లెక్కే, మూడింటిని ఒకటి మింగుతుంది. క్యూలో ముందు నిలబడిన నలుగురిలో ఒకడు ఇంటికెళ్లగానే రెట్టింపు ధరకి ఆన్‌లైన్లో పెడతాడు. తిట్లు మాత్రం షాపు వాడికి: "దాచుకున్నావు కదా!"

రికార్డులు నొక్కే ఫ్యాక్టరీల సంగతి మరొకటి. సీడీ రాజ్యంలో ఆ మెషిన్లు చాలావరకు తుక్కు కింద పోయాయి. గిరాకీ తిరిగొచ్చాక మిగిలిన కొద్ది ఫ్యాక్టరీల ముందు అందరూ వరస కట్టారు. పేరున్న గాయకుల లక్షల కాపీల ఆర్డర్లు ముందుకొస్తే చిన్న లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) వాళ్ల మూడొందల కాపీలు నెలల తరబడి వెనక్కి జరుగుతాయి. ఆ మూడొందల మీదే ఆశ పెట్టుకున్నవాడు చిన్న షాపు వాడు. పైగా 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది. రికార్డుల అచ్చు కోసం ముందుగా పాటని గాడిగా కోసే లాకర్ పూత పళ్లాలు చేసేవి ప్రపంచం మొత్తం మీద రెండే చోట్లు. ఒకటి అది, ఇంకొకటి జపాన్లో. మరుసటి నెలకే కరోనా షట్టర్లు దింపించింది. బ్రిటన్ వాళ్లకి 2021 జనవరి నుంచి ఇంకో బోనస్: బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం. రికార్డులు నొక్కే అతి పెద్ద కంపెనీ చెక్ రిపబ్లిక్‌లో ఉంది. మధ్యలో ఇప్పుడు కస్టమ్స్ గేటు.

అందుకే ఈ షాపులు రికార్డులు కానివి అమ్మి రికార్డుల్ని పోషిస్తున్నాయి. లండన్లో 2007లో తెరిచిన రఫ్ ట్రేడ్ ఈస్ట్‌లో కాఫీ ఉంది, కచేరీలకి స్టేజీ ఉంది. స్పిల్లర్స్ పేరు వేసిన టీ షర్టు కార్డిఫ్‌లో బాగా పాపులర్. పాత రికార్డులు కొని అమ్మడం ఇంకో దారి. అందులో ధర షాపు వాడి చేతిలో ఉంటుంది కాబట్టి మార్జిన్ బాగుంటుంది. కాకపోతే అట్ట తెరిచి, రికార్డుని లైటు కింద వంచి గీతలు చూడటం తెలిసుండాలి.

[దృశ్యం: ముంబై, కాలా ఘోడా కూడలి.]

మన దేశంలో ఈ కథకి ముంబైలో ఒక ముఖం ఉంది. రిథమ్ హౌస్, 1948లో పెట్టింది. హిందుస్తానీ, గజల్, జాజ్, రాక్, ఏదడిగినా తీసిచ్చే కౌంటర్. ముందు విని చూసి తర్వాత కొనుక్కునేలా చిన్న గదులు ఉండేవి. 2016 ఫిబ్రవరి ఆఖరున మూసేశారు. మరుసటి ఏడాది ఆ చోటుని కొన్నది వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ కంపెనీ. బ్యాంకు కుంభకోణం బయటపడ్డాక ఈడీ జప్తు చేసింది. పాటల షాపు పోయి కేసు ఫైల్లో అంకె అయింది.

మన వైపు ఇంత పెద్ద పేర్లు తక్కువ. మా తెనాలిలో ఉన్నది క్యాసెట్ షాపు. ఖాళీ క్యాసెట్ కొని, చీటీ మీద పాటలు రాసిస్తే రెండు రోజుల్లో రికార్డు చేసిచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్లో పదమూడు పాటలు రాస్తే, "బాబూ, పదమూడోది సగంలో తెగుద్ది, తీసేయనా?" అని అడిగేవాడు. చట్టం లెక్కలో అది పైరసీ. మాకు మాత్రం ఆయన సంగీతం మాస్టారు. తర్వాత వందకి పైగా పాటలున్న ఎంపీత్రీ సీడీ ఫుట్‌పాత్ మీదికి వచ్చింది. చీటీలు ఆగిపోయాయి.

[దృశ్యం: వెలిసిపోయిన బోర్డు. "ఆడియోస్" అనే మాట మాత్రం చదవొచ్చు. కింద వరసగా ఫోన్ కవర్లు.]

మొన్న ఊరెళ్లినప్పుడు చూశా. బోర్డు అదే. కౌంటర్ అదే. లోపల ఛార్జర్లు, ఇయర్ ఫోన్లు, ఫోన్ కవర్లు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. "ఏ మోడల్ బాబూ?" అన్నాడు. ఫోన్ ఇచ్చాను. పాత గ్లాసు పీకి, గుడ్డతో తుడిచి, కొత్త గ్లాసు ఒక్క బుడగ లేకుండా అతికించాడు. నూట యాభై తీసుకున్నాడు.

"ఇందులో ఎంత మిగులుద్ది బాబాయ్?" అన్నాను.

"నూరు," అన్నాడు.