వాల్తేరు సముద్రం, అనంతపురం వాటా

మాధవి: నమస్కారం. ఇవాళ్టి అంశం ఆంధ్ర విశ్వకళాపరిషత్ తొలి వైస్ చాన్సలర్లు. ఓబులేసు పక్కనే ఉన్నాడు.

ఓబులేసు: అక్కా, ఆ గొంతు వింటేనే తెలుస్తాంది, సముద్రం లోతు నీళ్లు పట్టే సీసాల ముచ్చట తెచ్చినావు.

మాధవి: తెచ్చాను. నువ్వు అనంతపురం ముచ్చట తేలేదా?

ఓబులేసు: అది లేకుండా నేనెప్పుడు వచ్చినా?

మాధవి: సరే, ముందు అసలు పని. 1926లో మద్రాసు శాసనసభ చట్టం, బెజవాడలో ఆరంభం, 1930లో వాల్తేరు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1931 దాకా, సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1936 దాకా, మళ్లీ రెడ్డిగారే 1949 దాకా. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు, సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఫిజిక్సుకు భగవంతంగారు, కెమిస్ట్రీకి శేషాద్రిగారు. యుద్ధంలో సైన్యం క్యాంపస్ తీసేసుకుంటే గుంటూరుకు తరలిపోవాల్సొచ్చింది.

ఓబులేసు: ఇరవై మూడేండ్లు ఒక్క గుక్కలో తాగేసినావే! రెడ్డిగారు సత్యాగ్రహుల మీద సర్కారు దమనకాండకు నిరసనగా పదవి వదిలేసినారు. దాని మీద ఒక్క మాటన్నా వద్దా?

మాధవి: అది పూర్తి ఎపిసోడే అడుగుతుంది, రెండు ముక్కల్లో చెబితే అన్యాయం. నేను చెప్పాలనుకున్నది ఒకటుంది. వాల్తేరుకు రావడం వల్ల ఆ యూనివర్సిటీ చదువులోకి సముద్రం వచ్చింది. బెజవాడలోనే ఉండిపోతే ఆ పని అక్కడ మొదలయ్యేది కాదు.

ఓబులేసు: సముద్రం కోసం వచ్చినారా వాల్తేరుకు?

మాధవి: అందుకని రాలేదు. కానీ వచ్చాక వాడుకున్నారు. 1950ల్లో అమెరికా నుంచి సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ వచ్చారు, ఇక్కడ జియాలజీలో మహదేవన్‌గారు ఉన్నారు, నౌకాదళం ఓడలిచ్చింది. 1954కల్లా సముద్ర పరిశోధన మీద యూనివర్సిటీ సొంత సంపుటం అచ్చయింది. అందులో నాకిష్టమైనది వేసవి నీళ్ల సంగతి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కదా. మార్చి నుంచి గాలి కూడా ఆ దారినే, తీరం వెంబడి వీస్తుంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో పైనీరు గాలికి కుడివైపుకు, అంటే మనకు తీరం నుంచి బయటికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగునుంచి చల్లటి, ఉప్పు ఎక్కువున్న నీరు లేస్తుంది. ఎండ మండే నెలల్లో ఒడ్డు దగ్గర నీరు లోపలి సముద్రం కన్నా చల్లగా ఉండేది అందుకే. చలికాలం గాలి తిరగబడితే నీరు ఒడ్డుకు ఒత్తుకుని కిందికి దిగుతుంది.

ఓబులేసు: అడుగున చల్లగా ఉందని ఎట్ల తెలిసింది? థర్మామీటర్ పైకి లాగేలోపల వేడెక్కదా?

మాధవి: అడిగావు చూడు! లోతు నీటిని పట్టే నాన్సెన్ సీసా ఇత్తడి గొట్టం, రెండు కొసలా తెరిచి ఉంటుంది. ఉక్కుతీగకు వరసగా బిగించి దించుతారు. దానికి తగిలించిన థర్మామీటర్లో పాదరసం దారి ఒకచోట సన్నగా నొక్కి ఉంటుంది. దించాక కొన్ని నిమిషాలు ఆగాలి, తొందరపడితే పై నీటి వేడే చదువుతుంది. తర్వాత తీగ మీదుగా మెసెంజర్ అనే చిన్న బరువు వదులుతారు. అది తగలగానే సీసా తలకిందులై మూతలు పడతాయి, నొక్కు దగ్గర పాదరసం తెగిపోతుంది. ఆ తెగిన ముక్క ఎంతుందో అదే ఆ లోతు వేడి. పైకొచ్చాక ఓడ మీది వేడికి ఆ ముక్క కాస్త వ్యాకోచిస్తుంది, అందుకని పక్కనే ఇంకో చిన్న థర్మామీటర్ పెట్టి ఆ తేడా సరిచేస్తారు.

ఓబులేసు: ఒక సీసా తిరగకపోతే?

మాధవి: దాని కింద ఉన్నవేవీ తిరగవు. తిరిగిన సీసాయే కింది దానికి ఇంకో బరువు వదలాలి మరి. ఓడ గాలికి కొట్టుకుపోయి తీగ బాగా వాలితే బరువు జారడం మందగిస్తుంది, దెబ్బ సరిగ్గా తగలదు. తీగ మీద చెయ్యి వేసి ఒక్కో దెబ్బా అదురుగా లెక్కపెట్టేవాళ్లు. పైగా తీగ వాలితే లోతే తప్పు. వంద మీటర్లు వదిలావు, 30 డిగ్రీలు వాలింది, అసలు లోతు 87 మీటర్లే. అదీ తీగ వంపు లేకుండా సూటిగా ఉందనుకుంటేనే, నీళ్లలో అది వంగుతుంది.

ఓబులేసు: మరి?

మాధవి: రెండు థర్మామీటర్లు పెడతారు. ఒకటి ఒత్తిడి తగలకుండా మందపాటి గాజులో, ఇంకోటి అలా కాపు లేకుండా. కాపు లేనిది ఒత్తిడికి నలిగి, మీటరుకు దాదాపు 0.01 డిగ్రీ చొప్పున ఎక్కువ చూపిస్తుంది. రెంటికీ తేడా 0.87 వస్తే లోతు 87 మీటర్లు.

ఓబులేసు: బాగుందక్కా, నిజంగా బాగుంది. కానీ ఆ యూనివర్సిటీ పట్టా తీసుకున్నోళ్లలో ఎంతమంది ఆ సముద్రం చూసినారు? ఊరూరా అనుబంధ కాలేజీల్లో చదివినోళ్లే ఎక్కువ. వాళ్లకు యూనివర్సిటీ అంటే హాల్ టికెట్టు, మార్కుల లిస్టు.

మాధవి: క్యాంపస్‌లో పుట్టిన పాఠం ఆ కాలేజీలకూ చేరుతుంది కదా.

ఓబులేసు: సిలబస్‌గా చేరుతాది. ప్రయోగశాల చేరదు. అందుకే 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా ఆంధ్ర యూనివర్సిటీ కేంద్రం ఒకటి ఉండాలని రాసుకున్నారు. రాసింది పట్టా కోసం కాదు, లైబ్రరీ, ప్రయోగశాల, అధ్యాపకులు ఈ వైపు రావాలని.

మాధవి: తిరుపతిలో 1954లో వచ్చింది కదా.

ఓబులేసు: తిరుపతి అనంతపురమా? శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ 1981లో వచ్చింది. ఒడంబడిక నుంచి నలభై నాలుగేండ్లు. ఆ మధ్యలో చదువుకోవాల్సిన పిల్లల మాటేంది?

మాధవి: ...ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. నువ్వన్నది న్యాయం.

ఓబులేసు: నేను సముద్రాన్ని తక్కువ చెయ్యడంలేదక్కా. అనంతపురంలో కేంద్రం పెట్టుంటే ఇదే పట్టుదలతో వాన మీద, భూగర్భజలం మీద పని మొదలయ్యుండేది. బావిలో నీటిమట్టం నెలనెలా కొలిచి అరవై ఏండ్ల పట్టిక ఉంటే ఈపొద్దు దాని విలువెంత?

మాధవి: చాలా. అలాంటి పట్టికలో మధ్యలో పదేళ్లు కొలవకపోతే తర్వాత ఎంత డబ్బు పోసినా పూడ్చలేం. సముద్రానికీ అంతే.

ఓబులేసు: ఇంకోటి. 1976లో నాగార్జున, 2006లో నన్నయ, 2008లో శ్రీకాకుళం అంబేద్కర్ యూనివర్సిటీలు వచ్చి కాలేజీలు పంచుకున్నాయి. ఇప్పుడు వాల్తేరుకు పరీక్షల బరువు తగ్గింది. మళ్లీ ఓడ ఎక్కాలి.

మాధవి: ఎక్కాలి. తీరానికి అవతల, నీటి అడుగున లోయలున్నాయి తెలుసా? 1963 సముద్ర పరిశోధన యాత్రలో దొరికినవాటికి లఫాండ్ ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు.

ఓబులేసు: ఒక ప్రొఫెసర్ పేరు సముద్రం అడుగునా?

మాధవి: అవును. ఓడ కిందికి శబ్దం పంపి, అది తిరిగొచ్చే సమయాన్నిబట్టి లోతు గీస్తారు. కానీ లోయ గోడ నిటారుగా ఉంటే పక్క అంచు నుంచి ముందే ప్రతిధ్వని వచ్చేస్తుంది, అప్పుడు లోయ ఉన్నదానికన్నా ఇరుగ్గా, లోతు తక్కువగా...

ఓబులేసు: ఆగక్కా, రాధాకృష్ణన్‌గారి గురించి ఒక్క ముక్కన్నా...

మాధవి: వచ్చేవారం. ముందు ఈ ప్రతిధ్వని పూర్తి చెయ్యనీ.