గీజర్ గురించి వచ్చిన చీటీ

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కొత్తగా హాస్టల్ వార్డెన్లుగా చేరబోతున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళకి కృతజ్ఞతలు. పరిచయంలో నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందులో లేని ఒక సంగతి చెప్పడానికే నేను ఈ పిలుపుకి ఒప్పుకున్నాను.

"పేరు లేకుండా రాసేవాళ్ళు ఎందుకు రాస్తారు?" అన్నది ఈరోజు విషయం. మన భాషలో అలా రాసేవాడికి ఒక పేరు పెట్టుకున్నాం, ఆకాశరామన్న అని. ఆ పేరు వినగానే మనకి ముందు వచ్చేది చిరాకు. ఎవడో పిరికివాడు, గిట్టనివాడు చాటునుంచి రాయి వేశాడనుకుంటాం. నేనూ ఇరవై ఏళ్ళు అలాగే అనుకున్నాను. నేను చూసుకునే హాస్టల్లో ఫిర్యాదుల పెట్టెలో సంతకం లేని కాగితం కనబడితే చదవకుండానే చింపేదాన్ని.

అలా చింపడానికి నా దగ్గర ఒక సమర్థన కూడా ఉండేది. సుమారు 1,900 ఏళ్ళ కిందట రోమన్ చక్రవర్తి ట్రాజన్ తన గవర్నర్ ప్లినీకి రాసిన జవాబులో, పేరు లేకుండా వచ్చిన ఆరోపణ పత్రాలకు ఏ కేసులోనూ చోటివ్వకూడదన్నాడు. అది చాలా చెడ్డ సంప్రదాయం, మన కాలానికి తగదు అన్నాడు. ఆ మాట నాకు భలే నచ్చింది. టీచర్ల మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ జవాబు మనుషుల మీద మోపే నేరాల గురించి అన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు.

ఒకరోజు పెట్టెలో ఒక చీటీ వచ్చింది. రూళ్ళ నోటుపుస్తకంలోంచి చింపిన సగం కాగితం, చాలా మడతలు పెట్టి అగ్గిపెట్టె కన్నా చిన్నదిగా చేశారు. పెన్సిలుతో, ఎడమచేత్తో రాసినట్టు అక్షరాలు ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. "రెండో అంతస్తు బాత్రూములో గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు కుళాయి ముట్టుకుంటే షాక్ కొడుతోంది." అంతే. షాక్ అనే మాటని మొదట 'శాక్' అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశారు. ఆ చీటీ ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది.

ఎందుకో దాన్ని చింపలేదు. చింపి ఉంటే కనీసం ఆ రాత్రి నిద్రైనా పోయేదాన్ని. నేనేం చేశానో వినండి. స్టడీ అవర్ అయిపోయాక పిల్లల నోటుపుస్తకాలన్నీ నా గదికి తెప్పించుకున్నాను. 'షాక్'ని 'శాక్' అని రాసే పిల్ల ఎవరా అని తెల్లవారుజామున రెండింటిదాకా వెతికాను. పక్కనే మెట్లున్నాయి. పైకి వెళ్తే రెండో అంతస్తు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఒక టెస్టర్ పెట్టి చూడమంటే ఐదు నిమిషాల పని. నాకు ఆ ఆలోచనే రాలేదు. నాకు కావలసింది గీజర్ కాదు, రాసిన మనిషి.

పొద్దున ప్రేయర్‌లో పిల్లలందరినీ నిలబెట్టి, "ధైర్యం ఉంటే పేరు రాయండి. పేరు లేని మాటకి విలువ లేదు" అన్నాను. ఎవరూ తలెత్తలేదు.

పన్నెండు రోజుల తర్వాత ఎనిమిదో తరగతి పిల్ల తడిచేత్తో ఆ కుళాయి తిప్పింది. ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది. గీజర్ లోపలి లీకేజీ కుళాయిదాకా వచ్చింది. పిల్ల వెనక్కి పడి మోచేయి ఎముక విరిగింది, రెండు వేళ్ళు కాలాయి. ప్రాణం దక్కింది. దక్కింది కాబట్టే ఈరోజు నేను మీ ముందు నిలబడి మాట్లాడగలుగుతున్నాను.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నాతోపాటు మా బాత్రూములు కడిగే ఆయమ్మ కూర్చుంది. చాలాసేపటికి, "ఆ చీటీ నేనే రాయించానమ్మా" అంది. ఎవరిచేత రాయించిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ముందు ఎలక్ట్రీషియన్‌కి నోటితోనే చెప్పిందట. "నీ చీపురు పని నువ్వు చూసుకో" అన్నాడట. మరి నాతో ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. అప్పుడు ఆమె అన్నది ఆమె మాటల్లోనే చెప్తాను: "పేరు చెబితే నా పేరు చూస్తారు గానీ గీజర్ చూడరు గదమ్మా."

అంతకుముందు ఏడాది, సరుకుల తూకంలో తేడా వస్తోందని తన పేరు చెప్పి మరీ అన్న వంటామెని నెల తిరక్కుండా మాన్పించారు. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. ఆయమ్మకి అది గుర్తుంది. నేను మర్చిపోయాను.

నేను రాసుకొచ్చిన కాగితంలో ఇక్కడ పరిశోధనల గురించి ఒక పేజీ ఉంది. దాంట్లోంచి రెండే చెప్తాను. 1969లో జింబార్డో అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించాడు. ముఖాలకి ముసుగులు వేసిన అమ్మాయిలు, పేరు బిళ్ళలు పెట్టుకున్నవాళ్ళ కన్నా ఎక్కువసేపు ఎదుటి మనిషికి షాక్ ఇచ్చారు. షాక్ నిజంది కాదు, కానీ వాళ్ళకా సంగతి తెలియదు. పేరు దాచుకుంటే మనిషి క్రూరుడవుతాడని చాలామంది ఈ ఒక్కటే చెప్పి ఆపేస్తారు. పదేళ్ళ తర్వాత, 1979లో జాన్సన్, డౌనింగ్ అనే ఇద్దరు ఇంకో ప్రయోగం చేశారు. కొందరికి అమెరికాలో నల్లవాళ్ళ మీద దాడులు చేసే మూకల ముసుగుల్లాంటి దుస్తులు, కొందరికి నర్సుల దుస్తులు ఇచ్చారు. నర్సు దుస్తుల్లో ఉన్నవాళ్ళు, ఎవరో తెలియకుండా ఉన్నప్పుడు షాక్ ఇంకా తగ్గించారు. పేరు దాచుకున్న ప్రతివాడూ రాయి వేయడు. మనం వాళ్ళని ఏ చోట నిలబెట్టామన్నది కూడా చూసుకోవాలి.

నీచంగా రాసేవాళ్ళు లేరని నేననను. ఒక పిల్ల నడవడిక గురించి రాసిన పేరులేని ఉత్తరం ఆమె చదువు మాన్పించడం నేను చూశాను. మనిషి మీద నిందకి మనిషి నిలబడాలి, ట్రాజన్ మాట అక్కడ న్యాయమే. కానీ ఊడిపోయిన వైరుకి సంతకం ఎందుకు? టెస్టర్ పెడితే నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

పేరు చెప్పినవాళ్ళకి ఏం జరుగుతుందో కూడా చూడండి. సత్యేంద్ర దూబే ఇంజనీరు. జాతీయ రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధానమంత్రికి రాస్తూ, తన వివరాలు విడిగా జతచేసి, పేరు గుప్తంగా ఉంచమని వేడుకున్నాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసుల మధ్య తిరిగింది. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీ కోసం జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది. ఆ చర్చలోకి నేను వెళ్ళను. దాచమన్న పేరు దాచలేదు, నా బాధ అది. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు గుప్తంగా ఉంచే బాధ్యతని 2004లో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి అప్పగించారు. ఆయన పోయాక.

మీలో ఎవరైనా ఎప్పుడైనా పేరు లేకుండా ఒక కాగితం రాశారా? చేతులెత్తమని అడగను. రాసి ఉంటే, ఆరోజు మీకున్న టెన్షన్ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఎవరి మొహం తలుచుకుని పేరు రాయలేకపోయారు? మీ హాస్టల్లో పిల్లలకి, ఆయమ్మలకి, వంటవాళ్ళకి ఆ మొహం రేపటినుంచి మీదే.

టైమ్ అయిందని కార్డు చూపిస్తున్నారు, ఒక్క నిమిషం ఆగండి. ఈ హాలు గుమ్మం పక్కన సలహాల పెట్టె పెట్టారు, వస్తూ చూశాను. సరిగ్గా దాని మీదే కెమెరా ఉంది, ఎదురుగా ఆఫీసు గది తలుపు. కాగితం వెయ్యడానికి వచ్చినవాళ్ళు ముందు ఆ రెండిటినీ చూస్తారు. అధ్యక్షులు అనుమతిస్తే, టీ విరామంలో నేనూ ఒక చెయ్యి వేస్తాను, ఆ పెట్టెని వెనక మెట్ల దగ్గరికి జరుపుదాం.