‘అందరూ తీస్తే నేనూ తీస్తా’: ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

ప్రయోక్త: నమస్కారం, లైన్లో ఎవరు?

శ్రోత: నమస్తే అమ్మా. మునుగోడు దిక్కు నుంచి, రైతును. పేరొద్దు, మా ఊరోళ్లు వింటుంటారు.

ప్రయోక్త: సరే అన్నా, అడగం. మేడం వింటున్నారు, చెప్పండి.

శ్రోత: మా ట్రాన్స్‌ఫార్మర్ కింద పద్నాలుగు మోటర్లున్నాయి. ఈ యాసంగిలో రెండుసార్లు కాలింది. మోటరుకు ఇంత అని పైసలు జమ చేసి, ట్రాక్టర్‌లో వేసుకొని రిపేరుకు తీసుకెళ్లాం. అది తిరిగొచ్చేసరికి మడి నెర్రెలిచ్చింది. వరి అప్పుడే పొట్టకొచ్చింది మేడం. లైన్‌మన్‌ది ఒకటే మాట: కరెంటు రాగానే మోటరును దానంతటదే లేపే ఆటోస్టార్టర్లు పీకేయండి, లైన్ మీద భారం తగ్గించే కెపాసిటర్లు పెట్టండి అని. ఒక్కరూ కదలరు.

సలహాదారు: మీరు తీశారా అన్నా?

శ్రోత: (నవ్వు) నేనొక్కణ్ణి తీస్తే ఏం లాభం? మిగతావన్నీ కరెంటు రాగానే ఒక్కసారే లేస్తాయి. కాలేది ఎట్లాగూ కాలుతుంది.

సలహాదారు: ‘మేం తీసేది లేదు’ అని మీతో ఎవరెవరు అన్నారు?

శ్రోత: నోరు తెరిచి ఎవరూ అనలేదు. ఎవరి స్టార్టర్ డబ్బా చూసినా ఆటో మీదే ఉంటుంది కదా.

సలహాదారు: మీ డబ్బా చూసి వాళ్లూ మీ గురించి అదే అనుకుంటున్నారు. ఒకప్పుడు కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చేదో తెలియదు, ఆటోస్టార్టర్ పెట్టుకోక తప్పలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ అవసరం తగ్గింది. డబ్బాలు మాత్రం అట్లాగే ఉన్నాయి. మోటరు లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. పద్నాలుగూ ఒకేసారి లేస్తే ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఆగుతుంది చెప్పండి?

మీ ఊరి ముచ్చటలాంటి దాని మీదే 2001లో జ్యూరిచ్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. నలుగురేసి ఉమ్మడి ఖాతాలో డబ్బు వేయాలి, వేయనివాళ్లకూ అందులో సమాన వాటా వస్తుంది. మిగతావాళ్లు ఇంత వేస్తే నువ్వెంత వేస్తావని ఒక్కొక్కరినీ అడిగారు. ఎవరెంత వేసినా నేను మాత్రం వేయనన్నవాళ్లు మూడోవంతుకు లోపే. దాదాపు సగం మంది ‘వాళ్లు వేస్తే నేనూ వేస్తా’ రకం. మీరూ ఆ రకమే.

శ్రోత: మా ఊళ్లో ఆ వేయని రకమే ఎక్కువున్నట్టుంది మేడం.

సలహాదారు: ఉండొచ్చు. అడగందే ఎలా తెలుస్తుంది? సౌదీలో పెళ్లయిన యువకుల మీద ఒక అధ్యయనం 2020లో వచ్చింది. ఆడవాళ్లు బయట ఉద్యోగం చేస్తే తప్పు లేదన్నవాళ్లే అందులో ఎక్కువ. కానీ ‘చుట్టుపక్కలవాళ్లు ఒప్పుకోరు’ అని చాలామంది అనుకున్నారు. అసలు లెక్క చెప్పాక, భార్య పేరు ఉద్యోగాల కోసం రాయించినవాళ్లు పెరిగారు. వాళ్లకు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు, లెక్క చెప్పారంతే.

శ్రోత: అయితే రచ్చకట్ట దగ్గర మీటింగ్ పెట్టమంటారా?

సలహాదారు: ముందే వద్దు. నలుగురిలో మొదట నోరు విప్పడానికి అందరూ జంకుతారు. ఆ మౌనం చూసి ‘ఎవరికీ ఇష్టం లేదు’ అనుకొని లేచిపోతారు. ఒక్కొక్కరి బావికాడికి పోయి అడగండి: ‘అందరం ఒకేరోజు తీస్తే నువ్వు తీస్తావా?’ ఆ ‘అందరం’ అన్న మాట మరిచిపోవద్దు. పదిమంది సరే అంటే, ఎంతమంది ఒప్పుకున్నారో ఊరికి చెప్పి, లైన్‌మన్ వచ్చే రోజు పెట్టుకోండి. కెపాసిటర్లు కలిపి కొనండి. ఐదు హెచ్‌పీ మోటరుకు 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) ది పెడతారు.

శ్రోత: ఒకరిద్దరు మళ్లీ పెట్టుకుంటే?

సలహాదారు: పెట్టుకుంటారు. హోటల్ కాడ రోజంతా వాళ్ల ముచ్చటే పెడితే ‘అందరూ పెట్టుకుంటున్నారట’ అని పాకుతుంది. తీసినవాళ్లు ఎంతమందో చెప్పండి. అందరూ కూర్చొని ముందే ఒక షరతు కూడా అనుకోండి: మళ్లీ కాలితే, ఆటో పెట్టినవాడు రిపేరుకు రెండింతలు కట్టాలి.

శ్రోత: మా బావమరిది మొండోడు మేడం. వాణ్ణి ముందు అడగనా?

సలహాదారు: చివర్లో అడగండి, పదిమంది ఒప్పుకున్నాక.

శ్రోత: ముందు అడగకపోతే అలుగుతాడు!

ప్రయోక్త: (నవ్వు) ఆ అలక సంగతి వదిన చూసుకుంటుంది అన్నా. దేవరకొండ నుంచి ఇంకో కాల్ ఉంది... హలో?