కనామైసిన్ రివ్యూ: మందు మంచిదే, వేసే చోటులోనే ఉంది తేడా

నమస్తే అండీ. ముందు ఈ క్లిప్ చూడండి. నా క్లౌన్ ఫిష్ ఇది. కుడి కన్ను మీద పాలపొర కప్పినట్టు తెల్లగా ఉంది కదా. తోక అంచు చిరిగి, ఆ చిరుగు మొదట్లో సన్నటి ఎర్ర గీత కనిపిస్తోంది. ముందురోజు సాయంత్రం మేత వేసినప్పుడు ఇవేవీ లేవు, పొద్దున లైట్ వేసేసరికి ఇలా ఉంది. ఉప్పునీటి చేపకి బ్యాక్టీరియా పడితే ఈ వేగంతోనే ముదురుతుంది. ఒక్కోసారి రెండు రోజులు కూడా ఆగదు.

అప్పుడు నేను వాడింది కనామైసిన్ అనే యాంటీబయాటిక్. సీకెమ్ వాళ్ల కనాప్లెక్స్ అని చిన్న డబ్బాలో తెల్లపొడి వస్తుందే, అదే. ఇవాళ దాని రివ్యూ. మందు బాగుందా అంటే బాగుంది. కానీ ఇదే మందు వేసి చేపను పోగొట్టుకున్నవాడిని కూడా నేనే, ఆ సంగతి కాసేపట్లో చెబుతా.

అసలు కనామైసినే ఎందుకు? ఉప్పునీటి చేపల్ని ఎక్కువగా పట్టేవి విబ్రియో, ఫోటోబ్యాక్టీరియం, టెనాసిబాక్యులమ్ లాంటి బ్యాక్టీరియా. బ్యాక్టీరియాని పైగోడ తీరుని బట్టి గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ అని రెండు రకాలుగా చెబుతారు, ఇవన్నీ గ్రామ్ నెగటివ్ రకం. కనామైసిన్ ప్రధానంగా పనిచేసేది ఆ రకం మీదే. ఎరిత్రోమైసిన్ గ్రామ్ పాజిటివ్ వాటికి సరిపోయే మందు, కాబట్టి మన ట్యాంకుల్లో దానికి పని తక్కువ. టెట్రాసైక్లిన్ సంగతి ఇంకా తమాషా. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. టెట్రాసైక్లిన్ పోయి వాటికి అతుక్కుంటుంది, చేప ఒంట్లోకి వెళ్లేది కాస్తే. మంచినీటి ట్యాంకులో పనిచేసింది కదా అని ఇక్కడ కూడా వేస్తే డబ్బు నీళ్లలో పోసినట్టే. నిజంగానే నీళ్లలో పోసినట్టు!

సరే, నా తప్పు దగ్గరికి వద్దాం. ఒకసారి నా ఇంకో ఉప్పునీటి చేప, క్రోమిస్, ఒంటి పక్కభాగంలో ఎర్రటి పుండు లేచింది. చూడగానే బ్యాక్టీరియా అని తీర్పు ఇచ్చేసి కనామైసిన్ మొదలుపెట్టాను. నాలుగో రోజుకి చేప లేదు. అది యురోనీమా. బ్యాక్టీరియా కాదు, పరాన్నజీవి. క్రోమిస్‌కి అలాంటి ఎర్ర పుండు లేచిందంటే ముందు దాన్నే అనుమానించాలని తర్వాత తెలిసింది. యాంటీబయాటిక్ దాన్ని తాకను కూడా తాకదు. అందుకని ఇప్పుడు డబ్బా మూత తీసే ముందు టార్చ్ తీస్తున్నాను.

ఇలా పక్క నుంచి వెలుగు వేయండి. పొర కన్ను పైన ఉందా, లోపల ఉందా తెలుస్తుంది. ఒక్క కన్నే ఉబ్బితే చాలాసార్లు అది రాయికి కొట్టుకున్న దెబ్బ. రెండు కళ్లూ ఉబ్బితే లోపల ఏదో జరుగుతున్నట్టు. రెక్కల మీద కాలీఫ్లవర్‌లా తెల్లటి గడ్డలుంటే అది లింఫోసిస్టిస్, వైరస్. దానికి మందు లేదు, నీళ్లు బాగుంటే చాలావరకు దానంతటదే పోతుంది. ఒళ్లంతా దుమ్ము చల్లినట్టుండి మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బు, దాని దారి వేరు. ఇంకోటి, బ్యాక్టీరియా ఉత్తినే రాదు. ప్రయాణంలో నలిగిన ఒళ్లు, పక్క చేప కొరికిన గాయం, మొప్పల్లో ఫ్లూక్స్ అనే సన్నటి పురుగులు, ఇలా ఏదో ఒక తలుపు తెరిచి ఉంటేనే లోపలికొస్తుంది. ఆ తలుపు మూయకపోతే మందు ఆపగానే మళ్లీ మొదలు.

ఇక వేసే చోటు. మెయిన్ ట్యాంకులో వద్దు అంటే వద్దు. పగడాలు, రొయ్యలు ఉన్నాయన్నది ఒక కారణం. రెండోది చాలామందికి తట్టదు. మన ఫిల్టర్లో అమ్మోనియాని తినే బ్యాక్టీరియా కూడా గ్రామ్ నెగటివే! మందుకి మనవాళ్లు, పగవాళ్లు అని తేడా ఏం తెలుస్తుంది? ఫిల్టర్ దెబ్బతింటే అమ్మోనియా లేస్తుంది. ఉప్పునీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి ఆ అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ.

ఇదిగో, నా హాస్పిటల్ ట్యాంక్. ఇసుక లేదు, రాళ్లు లేవు. హీటర్, స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ స్టోన్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క. ఫిల్టర్లో కార్బన్ ఉంటే తీసేయండి, అది మందుని పీల్చేస్తుంది. నీటిని శుద్ధి చేసే యూవీ లైట్ ఆపేయండి, నురగతో మురికి లాగే స్కిమ్మర్ ఆపేయండి. గాలి మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. అమ్మోనియా టెస్ట్ రోజూ చేయండి. కొంచెం రంగు మారినా అదే ఉప్పు శాతం, అదే వేడి ఉన్న నీళ్లు సిద్ధంగా పెట్టుకుని మార్చండి. మార్చిన నీళ్లకి సరిపడా మందు మళ్లీ కలపాలి, ఇది మర్చిపోతుంటారు.

డోస్: డబ్బాలో వచ్చే చిన్న స్పూన్‌తో 20 లీటర్లకి ఒక సమతల స్పూన్. రెండు రోజులకోసారి, మొత్తం మూడు డోసులే. ఈ జాతి మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి, నాలుగోది వేద్దామా అని ఆలోచించకండి. లీటర్లు లెక్కేసేటప్పుడు అద్దం ఎత్తు కాదు, నీళ్ల ఎత్తు కొలవాలి. నాది 50 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, నీళ్లు 27. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 40.5 లీటర్లు, అంటే రెండు స్పూన్లు. పొడిని నేరుగా చల్లకుండా ఒక కప్పు ట్యాంక్ నీళ్లలో కలిపి, ఎయిర్ స్టోన్ బుడగల దగ్గర మెల్లగా పోస్తాను.

మేతలో కలపొచ్చా అని అడుగుతారు. కలపొచ్చు. ఒక టేబుల్ స్పూన్ ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టిన చిన్న రొయ్యల్లాంటి మేత) కరిగించి, నీళ్లు వంపేసి, డబ్బాలోని చిన్న స్పూన్‌తో ఒక కొలత పొడి కలపడమే. కాకపోతే కనామైసిన్ పేగు గోడ దాటి రక్తంలోకి పెద్దగా వెళ్లదు, అందుకే నేను నీళ్లలో డోస్ మీదే ఎక్కువ ఆధారపడతాను.  పైగా మేత ముట్టుకోని రోజున మనకి మిగిలే దారి కూడా ఈ నీళ్లే.

పైపైన తోక కుళ్లు, ఒంటి మీద పుండ్లు ఉంటే నైట్రోఫ్యూరజోన్ అనే ఇంకో మందు కూడా వాడతారు. కొందరు కనామైసిన్, ఇదీ రెండూ కలిపి వేస్తారు, గట్టి కేసుల్లో నేనూ అదే చేస్తాను. నైట్రోఫ్యూరజోన్ నీళ్లని పసుపు చేస్తుంది, వెలుతురుకి పాడవుతుంది కాబట్టి లైట్ ఆర్పేయాలి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. ఇక ఆకుల నూనెలు, మూలికల సీసాలు... వాసన బాగుంటుందండీ. కన్ను మీద పొర ఉన్న చేపకి వాటితో ఒక రోజు వృథా చేయడం నాకైతే ఇష్టం లేదు.

క్లౌన్ ఫిష్ ఏమైందంటారా? రెండో డోస్ తర్వాత ఎర్ర గీత మాయమైంది. కన్ను మాత్రం నిదానం, పది రోజులు పట్టింది. బాగైపోయింది కదా అని మధ్యలో ఆపలేదు, మూడో డోస్ కూడా వేశాను. సగంలో ఆపితే మందుని తట్టుకున్న మొండి బ్యాక్టీరియా మిగిలిపోవచ్చు.

నా మార్కులు: సరిగ్గా గుర్తుపట్టి, విడి ట్యాంకులో, మొదటి రోజే వేస్తే పదికి ఎనిమిది. మెయిన్ ట్యాంకులో వేస్తే రెండు, ఆ రెండు కూడా డబ్బాకి. చేపల డాక్టర్ అందుబాటులో ఉంటే పుండు నుంచి శాంపిల్ తీయించి కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) చేయించండి, ఏ మందుకి లొంగుతుందో అందులో తేలిపోతుంది. చేప నెలల తరబడి చిక్కిపోతూ, వెన్ను వంగుతూ ఉంటే మైకోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా కావచ్చు. చేతి మీద గాయం ఉంటే అది మనకీ అంటుకుంటుంది. అలాంటి ట్యాంకులో చేయి పెట్టాల్సి వస్తే పొడవు గ్లవ్స్ వేసుకోండి.

ఇప్పుడు కోర్సు అయిపోయింది కాబట్టి, ఇదిగో, కార్బన్ సంచి ఫిల్టర్లో వేస్తున్నా. ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉంచి చూస్తాను. అదిగో, మేత అనుకుని వేలి దగ్గరికి వచ్చేసింది. ఆగవే, ఇస్తాను.