రెండు వారాలు మునిగినా బతికే వరి: ఖర్చు పెట్టింది ఎవరు?

[దృశ్యం: ముంపు చేను. ఆకుల కొసలు కూడా పైకి కనిపించడం లేదు.]

నీళ్లంటే ఇష్టమైన వరి, మునిగితే ఎందుకు చస్తుంది? గాలి కోసం గబగబా పైకి సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే అయిపోతుంది. నీళ్లు తీసేసరికి నిలబడే ఓపిక ఉండదు, చేలో పడిపోతుంది.

ఒడిశాలో ఓ నాటు రకం మాత్రం ఎదుగుదల ఆపేసి, ఊపిరి బిగబట్టినట్టు ఉండిపోతుంది. నీళ్లు తగ్గాక కొత్త ఆకు వేస్తుంది. దాన్నుంచి ఎంపిక చేసిందే ఎఫ్‌ఆర్ 13ఏ.

[దృశ్యం: ఫిలిప్పీన్స్ మ్యాప్, లాస్ బాన్యోస్]

ఇక్కడి అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 'ఇర్రి' 1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల డబ్బుతో మొదలైంది. 1970లలో అక్కడ వేల రకాలను నీళ్లలో ముంచి చూస్తే, తట్టుకున్న కొద్దివాటిలో ఎఫ్‌ఆర్ 13ఏ ఒకటి. కానీ దాని దిగుబడి తక్కువ. మంచి రకాలతో కలిపితే పనికిరాని గుణాలూ వెంట వచ్చేవి. మునకను తట్టుకునే అసలు గుణం 9వ క్రోమోజోములో ఉందని 1996లో తేలింది. 2006లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌తో కలిసి ఆ గుణాన్నిచ్చే సబ్1ఏ జన్యువును పట్టుకున్నారు. అందులో అమెరికా వ్యవసాయ శాఖ నిధులు కూడా ఉన్నాయి.

మరి ఆ గుణాన్ని ఏ రకంలో పెట్టారు? మన స్వర్ణలో! పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో పుట్టిన ఎంటీయూ 7029. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన మసూరి మలేషియా నుంచి వచ్చింది. అదీ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1950లలో నడిపిన సంకర పథకంలోదే.

[దృశ్యం: నారు మొక్క నుంచి చిన్న ఆకు ముక్క తుంచుతున్న చేయి]

ఆకు ముక్కలోని డీఎన్‌ఏ చూసి, సబ్1ఏ ఉన్న మొక్కలనే ఉంచుకుని, మళ్లీ మళ్లీ స్వర్ణతో కలిపారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు, మామూలు సంకరమే. స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో, బంగ్లాదేశ్‌లో 2010లో విడుదలైంది. రైతులకు చేర్చే దశలో గేట్స్ ఫౌండేషన్ డబ్బు కలిసింది.

లెక్క చూడండి. తొట్టిలో ముంచినప్పటి నుంచి రైతు చేతికి విత్తనం వచ్చేదాకా ముప్పై ఏళ్లకు పైనే. ఏ కంపెనీ ఇంతకాలం ఆగుతుంది? పైగా ఈ వరి విత్తనాన్ని రైతు తానే దాచుకుంటాడు, కంపెనీకి మిగిలేది ఏముంది? అందుకే ప్రజాధనం, ఫౌండేషన్ల డబ్బు కావాల్సి వచ్చింది.

సబ్1ఏ ఉప్పునీటిని తట్టుకోదు, నెలరోజులు నిలిచే నీటినీ తట్టుకోదు. ఆ పనులు మిగిలే ఉన్నాయి. ఇంతలో 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేసింది. ఆ డబ్బుతో అక్కడి విశ్వవిద్యాలయాల్లో నడిచే వ్యవసాయ ప్రయోగశాలలు చాలావరకు ఆగిపోయాయి.