ఫ్లాష్ గోర్డన్ రాకుండా పోయిన వారం

(తెర మీద: పాత పేపర్ ఆదివారం పేజీ, రంగుల్లో రాకెట్)

ఈ బొమ్మ చూడండి. ఇది ఫ్లాష్ గోర్డన్, పేపర్లో విడతలుగా వచ్చే బొమ్మల కథ, అంటే స్ట్రిప్. 1934 జనవరి 7న అమెరికా పేపర్ల ఆదివారం పేజీల్లో మొదలైంది. సరిగ్గా ఐదేళ్ల ముందు, అదే జనవరి 7న బక్ రోజర్స్ స్ట్రిప్ మొదలైంది. నిద్రపోయి 25వ శతాబ్దంలో కళ్లు తెరిచిన మనిషి కథ అది. జనం దాని వెంట పడ్డారు కాబట్టే ఫ్లాష్ గోర్డన్ వచ్చింది.

స్ట్రిప్పులు గీయించి పేపర్లకి అమ్మే సంస్థల్ని సిండికేట్లు అంటారు. ఒక ఊళ్లో ఒక పేపరు బక్ రోజర్స్ కొనుక్కుందంటే, మామూలుగా అదే ఊళ్లో పోటీ పేపరుకి దాన్ని అమ్మరు, మరి ఆ పోటీ పేపరు చదివే ఇళ్లలో పిల్లలకి రాకెట్ ఎక్కడి నుంచి తేవాలి? ఆ ఖాళీలోకే కింగ్ ఫీచర్స్ సిండికేట్ అలెక్స్ రేమండ్ అనే కుర్రాణ్ణి దించింది. టార్జాన్‌కి పోటీగా జంగిల్ జిమ్ కూడా అదే రోజు, అతని చేతే మొదలుపెట్టించింది.

(తెర మీద: రెండు స్ట్రిప్పులు పక్కపక్కన)

కానీ ఈ రెండూ పక్కన పెట్టి చూడండి. బక్ రోజర్స్‌లో మనుషులు కర్రల్లా నిలబడి ఉంటారు. రేమండ్ గీసిన మనిషి దూకితే ఒంట్లో కండ కదులుతుంది, ఫ్లాష్ వెళ్లిన మోంగో గ్రహం మీద అడవి నిజంగా చీకటిగా ఉంటుంది. అసలు కంటే పోటీకి వచ్చిందే బాగుందని నేను గట్టిగా అంటాను.

ఇప్పుడు నాకు ప్రాణమైన భాగం. బెల్జియంలో బ్రావో అనే పిల్లల పత్రిక ఫ్లాష్ గోర్డన్ వేసేది. రెండో ప్రపంచ యుద్ధంలో అప్పటికి దేశం జర్మన్ల చేతిలో ఉంది, అమెరికా కూడా యుద్ధంలోకి దిగేసరికి అక్కడి నుంచి పేజీలు రావడం ఆగిపోయాయి. కథ మధ్యలో ఉంది! అప్పుడు పత్రికవాళ్లు ఎడ్గార్ పి. జాకబ్స్‌ని పిలిచి, మిగతాది నువ్వే గీయి అన్నారు. అంతకుముందు ఆయన ఆపెరా గాయకుడు. రేమండ్ గీతలో గీత కలిపి గీశాడు. కొద్ది వారాలకే జర్మన్ అధికారులు దాన్నీ ఆపించేశారు.

పేజీ ఖాళీగా వదల్లేరు కదా, 1943లో జాకబ్స్ సొంతంగా 'లె రేయోన్ యు' అనే బొమ్మల కథ మొదలుపెట్టాడు. ఫ్లాష్ చోట లార్డ్ కాల్డర్, అతని ప్రియురాలు డేల్ చోట సిల్వియా, అతని వెంట ఉండే శాస్త్రవేత్త డాక్టర్ జార్కోవ్ చోట ప్రొఫెసర్ మార్డూక్. అడవి, రాక్షస బల్లులు, ఎగిరే యంత్రాలు, అన్నీ తెలిసినవే. అయినా కూర్చుని చదివితే పేజీ పేజీకీ ఆయన చెయ్యి కుదురుకోవడం కనిపిస్తుంది, రేమండ్ నీడలోంచి మెల్లగా బయటికొస్తున్న మనిషి కనిపిస్తాడు.

(తెర మీద: బ్లేక్, మార్టిమర్ బొమ్మ)

1946లో టిన్‌టిన్ పత్రికలో ఆయన మొదలుపెట్టిన బ్లేక్, మార్టిమర్ కథలు యూరప్ అంతా చదివింది. ఆ గడ్డం ప్రొఫెసర్ మార్టిమర్‌ని చూసినప్పుడల్లా నాకు మార్డూకే గుర్తొస్తాడు.

అంత పేరొచ్చాక కూడా జాకబ్స్ ఆ పాత 'లె రేయోన్ యు' కథని పక్కన పడేయలేదు. మొదట్లో అందులో మాటలన్నీ బొమ్మల కింద అచ్చయ్యేవి. 1974లో, దాదాపు 70 ఏళ్ల వయసులో, ఆ పేజీలు మళ్లీ ముందేసుకుని మాటల బెలూన్లు పెట్టి కొత్తగా అచ్చుకి ఇచ్చాడు.